డెబ్బై నాలుగులో ఒక డెలివరీ

ఆదివారం, ఇంకా ఆరు కొట్టలేదు.
ధాన్యం గోదాముల పక్కన మావిస్ కాఫీ కొట్టులో
పరామర్శకొచ్చినట్టు చేరాం నలుగురం.
నిన్న మనవాళ్ళు ఓడిపోయారు.
అలా ఇలా కాదు, నలభై ఐదు – మూడు.
ఆ మూడూ అవతలివాళ్ళు
చిల్లర వదిలేసినట్టు వదిలేసినవే అంటాడు కెర్మిట్.

మావిస్ అడక్కుండానే కాఫీ పోసింది.
గోడమీద నాలుగు ఛాంపియన్‌షిప్ జెండాలు.
వేపుడు పొగ పట్టి పట్టి
ఎరుపు కాస్తా ఇటుక రంగుకు తిరిగింది.
తాతలు నేతులు తాగారని
మూతులు వాసన చూపిస్తారే, అలాంటి ఊరు మాది.
చిక్కేమిటంటే
ఆ తాతలం మేమే.

ఎనిమిదేళ్ళలో ముగ్గురు కోచ్‌లు మారారంటాడు ఎల్డన్.
పొమ్మనడానికి ఒక్కొక్కడికీ ఇచ్చిన డబ్బుతో
కౌంటీ రోడ్లన్నీ వేయొచ్చట.
కోచ్‌లది కాదు తప్పు, పిల్లలది, అంటాడు కెర్మిట్.
సీజన్‌కో కాలేజీ, చొక్కా మార్చినంత తేలిక.
మరి మన క్వార్టర్‌బ్యాక్?
వాడు తర్వాత ఏం ఆడతాడో
టీవీకి వీపు పెట్టి అల్లుకుంటూ మా ఆవిడే చెప్పేస్తుంది.

"అదే నేననేది!"
బల్ల గుద్దాడు డార్వుడ్. చెంచాలు ఎగిరాయి.
"గల్ఫ్ టెక్ వాళ్ళకి మన సైగలన్నీ ముందే తెలుసు.
ఎవడో స్టాండ్స్‌లో కూర్చుని
ఫోన్‌లో పట్టుకెళ్ళాడు, రాసిపెట్టుకోండి.
ఆరేళ్ళ కిందట ఊరికే టికెట్లిచ్చినా
ఆ స్టేడియంలో పావురాలు తప్ప కూర్చోలేదు.
ఇవాళ నూటనలభై కిలోల కుర్రాళ్ళు క్యూ కడుతున్నారా?
సముద్రపు గాలికా?"

సిరప్ సీసాలు తుడుస్తోంది మావిస్ మనవరాలు టాంసిన్.
తలెత్తకుండా అడిగింది,
"మీ రోజుల్లో అంతా రూలు ప్రకారమేనా?"

"రూలు ప్రకారమే!"
మూడు గొంతులు ఒక్కసారి.
నా కాఫీ చల్లారింది.

డెబ్బై నాలుగు, ఆగస్టు. నాకు పంతొమ్మిది.
డార్వుడ్ వాళ్ళ నాన్న మాంసం కొట్టులో ట్రక్కు నడిపేవాణ్ణి.
ఒక పెద్ద ఫ్రీజర్,
తెల్ల కాగితాల్లో చుట్టిన సగం ఎద్దు,
ఐస్, గోనెపట్టాలు.
బిల్లు లేదు.
ఆరు వందల మైళ్ళు దక్షిణానికి,
నది ఒడ్డున చెక్క ఇల్లు, మెట్టు విరిగిన వరండా.

ఓజెల్లా ప్రూయిట్ అనే ఆవిడ తలుపు తీసింది.
ఎవరు పంపారంది.
స్నేహితులని చెప్పమన్నారు, చెప్పాను.
ఆ ఇంట్లో ప్లగ్గు ఒక్కటే.
ఆవిడ రేడియో తీసేసి
ఫ్రీజర్ పెట్టింది.
అది గుర్రుమనేదాకా ఇద్దరం నిలబడి చూశాం.
"మావాడు ఎక్కడ చదవాలో
ఇంకా అనుకోలేదు బాబూ" అంది.
అని, నాకు మొక్కజొన్న రొట్టె పెట్టింది.
తిన్నాను. ఆకలిగా ఉంది మరి.

మరుసటేడు ఫైనల్లో లూషస్ ప్రూయిట్
తొంభై ఆరు గజాలు పరిగెత్తాడు.
కిటికీ పక్క మొదటి జెండా అదే.
ఆపై ఏడు మోకాలు విరిగింది.
తర్వాత ఆ ఇంటికి
మా ట్రక్కు వెళ్ళలేదు.
ఇప్పుడు పిల్లలకి బాహాటంగానే డబ్బిస్తున్నారు,
రూలే మారింది.
ఆవిడ మళ్ళీ రేడియో పెట్టుకుందో లేదో
నాకు తెలీదు.

ఇదంతా చెప్పలేదు నేను.
"ఒక ఫ్రీజర్..." అన్నానంతే.
ఎల్డన్ వాళ్ళింట్లో చెడిపోయిందనుకున్నాడు,
మెకానిక్ నంబరు వెతకడం మొదలెట్టాడు.
డార్వుడ్ మాత్రం నావైపు చూశాడు,
యాభై ఏళ్ళ దూరం నుంచి.
రెండో చివర పట్టుకుని
దాన్ని ట్రక్కెక్కించింది వాడే.
మూత పడి చితికిన బొటనవేలికి
ఇప్పటికీ గోరు సగమే.

బయట కోతయంత్రం ఒకటి దగ్గి, అందుకుంది.
డార్వుడ్ గొంతు సవరించుకున్నాడు.
"ఏది ఏమైనా గల్ఫ్ టెక్ వాళ్ళు మరీ అన్యాయం.
లెక్కపెట్టుకోండి, ఒకటీ..."
అంటూ లేపాడు
ఆ బొటనవేలినే.